సంతకం పెట్టే ముందు

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న పండక్కి అందరూ వచ్చినప్పుడు మీలో ఒకరు అన్న మాట నా బుర్రలో ఇంకా తిరుగుతూనే ఉంది. "ఇంజినీరింగ్‌లో ఎథిక్స్ (వృత్తి నీతి) పేపరుకు చదవడానికి ఏముంది తాతయ్యా, అబద్ధం ఆడకూడదు, లంచం తీసుకోకూడదు అని నాలుగు పేజీలు నింపితే పాస్" అన్నారు. పాసవుతారు, అందులో అనుమానం లేదు. కానీ రోడ్లు భవనాల శాఖలో చేసి రిటైరైన వాణ్ణి కదా, మనసు ఊరుకోలేదు. లంచం ఊసే లేని చోట 114 మంది ప్రాణాలు పోయిన సంగతి ఒకటి చెబుతాను. మీలో సివిల్ ఇంజినీరింగ్ వాళ్ళు వినే ఉంటారు. మిగతా వాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

అమెరికాలోని కాన్సస్ సిటీలో 1980లో హయత్ రీజెన్సీ అనే హోటల్ తెరిచారు. లోపల ఎత్తయిన పెద్ద హాలు. దానికి అడ్డంగా రెండో అంతస్తులో ఒక నడక వంతెన, సరిగ్గా దాని నెత్తిన నాలుగో అంతస్తులో ఇంకొకటి. కింద స్తంభాలు లేవు. రెండూ పైకప్పు నుంచి దిగిన ఇనుప రాడ్లకు వేలాడతాయి. డిజైన్ ప్రకారం ఒకే రాడ్డు పైకప్పు నుంచి దిగి, నాలుగో అంతస్తు దూలంలోంచి దూరి, రెండో అంతస్తు దాకా రావాలి. ఒక్కో దూలం కింద ఒక్కో నట్టు. అంటే ఏ వంతెన బరువు ఆ నట్టుదే.

ఉక్కు పని చేసే కంపెనీకి ఇది తలనొప్పిగా తోచింది. నాలుగో అంతస్తు దగ్గర నట్టు బిగించాలంటే కింది చివర నుంచి అక్కడి దాకా రాడ్డు పొడవునా థ్రెడ్ (నట్టు తిరిగే మర) తీయాలి. అంత తంటా ఎందుకని రాడ్డును రెండు ముక్కలు చేశారు. పై ముక్క నాలుగో అంతస్తు దూలం దగ్గర ఆగిపోతుంది. కింది ముక్క అదే దూలానికి కొన్ని అంగుళాల పక్కన మొదలై రెండో అంతస్తును మోస్తుంది. బొమ్మలో చూస్తే పెద్ద తేడా ఏమీ కనిపించదు. బరువు లెక్క మాత్రం మారిపోయింది. ఒకే తాడు పట్టుకుని ఇద్దరు వేలాడుతున్నారనుకోండి, ఎవరి బరువు వారి చేతుల మీదే ఉంటుంది. కిందివాడు తాడు వదిలేసి పైవాడి కాళ్ళు పట్టుకున్నాడంటే? నాలుగో అంతస్తు నట్టు పని అలాగే అయింది. రెండు వంతెనల బరువూ దాని నెత్తిన పడింది.

1981 జులై 17 సాయంత్రం హాల్లో డాన్సు కార్యక్రమం జరుగుతోంది. వంతెనల మీద కూడా జనం నిలబడి చూస్తున్నారు. ఆ నట్టు దూలాన్ని చీల్చుకుని ఊడొచ్చింది. పైది కిందిదాని మీద, రెండూ కలిసి హాల్లో జనం మీద పడ్డాయి. 114 మంది చనిపోయారు, 200 మందికి పైగా గాయపడ్డారు. తర్వాత అక్కడి నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ లెక్కలు కట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. మొదటి డిజైన్‌లోనే ఆ జాయింటుకు కోడ్ (భవన నిర్మాణ నిబంధనలు) అడిగిన బలంలో 60 శాతమే ఉంది. మార్పు తర్వాత అది 30 శాతానికి దిగింది.

ఇన్ని కళ్ళ ముందు నుంచి ఆ డ్రాయింగు ఎలా దాటిపోయింది? జాయింటు లెక్క ఉక్కు కంపెనీ చూసుకుంటుందని డిజైన్ ఇంజినీర్లు అనుకున్నారు, డిజైన్ వాళ్ళు చూసే ఉంటారని కంపెనీ అనుకుంది. మార్పు గురించి ఫోన్లో అడిగి ఒప్పుకోలు తీసుకున్నామని కంపెనీ వాళ్ళు, అలాంటి ఫోనే రాలేదని ఇంజినీర్లు వాదించుకున్నారు. ఆ డ్రాయింగ్ మీద ఇంజినీరు సీలు మాత్రం ఉంది. లెక్క ఎవరూ కట్టలేదు. క్రిమినల్ కేసు పడలేదు గానీ, ఇద్దరు ఇంజినీర్లకు మిస్సోరీ రాష్ట్రంలో లైసెన్సులు పోయాయి. సీలు వేసినవాడు బాధ్యత ఇంకొకరి మీదకు నెట్టడానికి వీల్లేదని విచారణలో తేల్చారు. (మన దగ్గర డాక్టర్లకూ లాయర్లకూ ఉన్నట్టు ఇంజినీర్లందరికీ లైసెన్సు ఇచ్చి, తప్పు చేస్తే తీసేసే కౌన్సిల్ ఇప్పటికీ లేదు. మీ ఎథిక్స్ పేపర్లో ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండు.)

ఇంత దూరం పోనక్కర్లేదు, మన సైటుకే వద్దాం. స్లాబ్ పోసేరోజు బలం పరీక్షించడానికి కాంక్రీటు క్యూబులు (చిన్న దిమ్మలు) పోస్తారు. 150 మిల్లీమీటర్ల ఇనుప అచ్చులో మూడు పొరలుగా మాలు నింపి, పొరకు 35 పోట్లు పొడవాలి. మర్నాడు అచ్చు విప్పి నీళ్ళలో వేసి, 28 రోజులకు మెషీన్లో పెట్టి నలగ్గొట్టి బలం చూడాలి. ఏ మాలు స్లాబులోకి పోతోందో, ముందు చెప్పకుండా అందులోంచే తీయాలి. సైట్లో తరచు జరిగేది వేరు. ఇంజినీరు గారు చెట్టు కింద కూర్చుని ఉంటారు. మేస్త్రీ క్యూబుల కోసమని ఒక చిన్న మాలు విడిగా కలుపుతాడు, సిమెంటు కాస్త ఎక్కువ, నీళ్ళు కాస్త తక్కువ. 28 రోజులకు క్యూబులు ఫస్ట్ క్లాసులో పాస్. రిజిస్టర్లో "నా సమక్షంలో" అని ఉన్నచోట సంతకం పడుతుంది. స్లాబులో నీళ్ళెక్కువై బలం తగ్గిన మాలు దాని దారిన అది గట్టిపడుతుంది.

నేను చూసినంతలో ఇలాంటి సంతకాల్లో సగానికి పైగా డబ్బు చేతులు మారలేదు. ఎండ, భోజనాల టైము, "ఆయన పెద్ద కాంట్రాక్టరు, ఎలా అడుగుతాం" అనే మొహమాటం, ఇంతే. లంచం ఇవ్వజూపితే అది లంచమని తెలుస్తుంది, వద్దనడానికి ఒక క్షణం దొరుకుతుంది. చూడకుండా పెట్టే సంతకానికి ఆ క్షణం కూడా ఉండదు.

కంప్యూటర్ సైన్సు పిల్లలు మాకేం పట్టిందని నవ్వుకోకండి. వోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల గొడవ 2015లో బయటపడింది. కారు టెస్టింగులో ఉందో రోడ్డు మీద ఉందో సాఫ్ట్‌వేరే కనిపెట్టి, టెస్టులో ఉన్నంతసేపు పొగ తగ్గించేది. రోడ్డెక్కితే నైట్రోజన్ ఆక్సైడ్లు అనుమతించినదానికి 40 రెట్ల దాకా వదిలేది. ప్రపంచమంతా కలిపి కోటీ పది లక్షల కార్లు. ఆ కోడు ఎవరో ఒకరు కూర్చుని టైప్ చేసిందే కదా. అందులో పాలుపంచుకున్న ఒక ఇంజినీరుకు 2017లో 40 నెలల జైలు పడింది. ఇక అమీర్‌పేటలో "త్రీ ప్లస్ పెట్టెయ్, ఎవరు చూస్తారు" అంటూ లేని ఎక్స్‌పీరియన్స్ రెజ్యూమేలో పెట్టించే వ్యాపారం గురించి మీకే బాగా తెలుసు. దాంతో ఉద్యోగం రావచ్చు. మొదటి నెలలోనే ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడుతున్న సాఫ్ట్‌వేరులో, ఏదైనా పడిపోతే మూడేళ్ళ అనుభవం ఉన్నవాడిలా నటిస్తూ రాత్రంతా టెన్షన్ పడేది మీరే.

"నిజాయతీగా ఉంటే చంపేస్తారు కదా" అని కూడా అడుగుతారు. అది ఊరికే అడిగే ప్రశ్న కాదు. సత్యేంద్ర దూబే ఐఐటీ కాన్పూర్‌లో సివిల్ చదివి, జాతీయ రహదారుల సంస్థలో స్వర్ణ చతుర్భుజి (నాలుగు మహానగరాలను కలిపే రహదారి) పనులు చూసేవాడు. అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాస్తూ, తన పేరు బయటపెట్టవద్దని కోరాడు. ఆ పేరు గుట్టుగా ఉండలేదు. 2003 నవంబరు 27న గయలో కాల్చి చంపారు. దోపిడీ దొంగల పని అని సీబీఐ చెప్పింది, చాలామంది నమ్మలేదు. ఆయన పేరు చెప్పి మిమ్మల్ని ప్రాణాలకు తెగించమనను. తాతయ్యను, ఎలా అంటాను? ఆ వయసువాణ్ణి ఒంటరిగా వదిలేసిన పెద్దవాళ్ళందరి తప్పూ అందులో ఉంది.

అందుకే మీకు చెప్పేది చిన్న పనులే, నేను ఉద్యోగంలో చూసి నేర్చుకున్నవి. పైఅధికారి నోటిమాటగా తప్పు పని చెబితే వాదించకండి. "మీరు ఈ రోజు ఫోన్లో చెప్పిన ప్రకారం ఫలానా పని చేయమన్నారు, రాతపూర్వకంగా ధ్రువీకరించగలరు" అని మర్యాదగా ఒక లెటరు పెట్టండి. చాలా ఆర్డర్లు అక్కడికక్కడే మాయమవుతాయి. ఎం-బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో) కొలత తప్పు పడితే గీకి చెరపకండి, కొట్టేసి పక్కన పొట్టి సంతకం చేసి మళ్ళీ రాయండి. ఒంటరిగా ఫిర్యాదుకు వెళ్ళకండి, అనుభవం ఉన్నవాణ్ణి ఒకణ్ణి కలుపుకోండి. తెలియని లెక్క వస్తే తెలియదని చెప్పండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మాట ఎవరూ తప్పుపట్టరు, పదేళ్ళ తర్వాత చెప్పడం కష్టం.

ఇక మీ లాబ్ రికార్డుల సంగతి. సీనియర్ రికార్డు చూసి దించేయడం, ముందు ఆన్సర్ రాసుకుని వెనక్కి రీడింగులు కట్టుకోవడం ఇంకా నడుస్తున్నాయని విన్నాను. ఈసారి వచ్చిన రీడింగే రాయండి. పుస్తకంలో విలువకూ మీదానికీ 15 శాతం తేడా వస్తే కింద ఒక లైను రాయండి, డయల్ గేజు (కొలత చూపే ముల్లు) జీరో దగ్గర ఆగలేదనో, లోడు ఒక్కసారిగా పడిందనో, ఏది జరిగితే అది. వైవాలో ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్) తప్పకుండా ఆ లైను దగ్గరే ఆగుతారు, అక్కడి నుంచి మాట్లాడుకోండి. ఒకటో రెండో మార్కులు పోతే మీ నాన్నకు నేను సర్దిచెబుతాను.

ఇట్లు,
మీ తాతయ్య