రేగడి, తమలపాకు, సున్నం

గద్వాల వైపు నుంచి ఒక పాఠకుడు అడిగారు: "చెల్క (ఎర్ర ఇసుక) నేల మీద చక్కగా సాగిన రోడ్డు రేగడిలోకి దిగగానే అలలు తేలుతుంది. కంకర తక్కువ వేశారా?" వేసి ఉండవచ్చు. కానీ కింద మట్టే కదులుతుంటే కంకర ఏం చేస్తుంది?

రెండు కొలజాడీల్లో జల్లించిన ఎండు రేగడి పదేసి గ్రాములు వేయండి. ఒకదాన్ని కిరోసిన్‌తో, రెండోదాన్ని నీళ్లతో 100 మిల్లీలీటర్ల గీత దాకా నింపి ఒక రోజు కదపకండి. కిరోసిన్‌లో మట్టి 10 గీత దగ్గర ఆగి, నీళ్లలో 18కి లేచిందంటే ఉబ్బు 80 శాతం. 50 దాటితే ఆ మట్టిని రోడ్డు కట్టకు వాడకూడదని రహదారుల నిబంధన. మట్టి జిగటను చెప్పే అంకె, ప్లాస్టిసిటీ ఇండెక్స్, దాని నిర్వచనం బట్టీ పట్టించే ముందు విద్యార్థులకు ఈ జాడీలు చూపించరెందుకో!

రేగడిలోని మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఒక తమలపాకుల కట్ట. ఒక్కో ఆకు మందం మిల్లీమీటరులో పది లక్షల వంతు. ఆకులకు రుణావేశం, వాటి మధ్య సోడియం వంటి ధన అయాన్లు. నీటి అణువుకు ధన, రుణ కొసలున్నాయి కనుక అయాన్ల చుట్టూ మూగుతూ ఆకుల నడుమ దూరుతుంది, కట్ట లావెక్కుతుంది. కిరోసిన్‌కు ఆ కొసలు లేవు, బయటే ఉండిపోతుంది. ఎండాకాలంలో కట్ట ముడుచుకుంటుంది. తారు కింద నడిమి మట్టి అంత తొందరగా ఆరదు, అంచులే ఏటా ఉబ్బి కుంగుతాయి. పగులు అంచు వెంబడి పొడుగ్గా రావడం అందుకే. దిష్టి తగిలిందనేవారూ ఉన్నారు; గుమ్మడికాయ కట్టినా కట్ట ముడుచుకోక మానదు.

తమలపాకులున్నాక సున్నం రావాలి కదా! తాంబూలంలో రాసే కాల్షియం హైడ్రాక్సైడే ఇక్కడా మందు. రెండు ఆవేశాల కాల్షియం సోడియాన్ని గెంటేసి ఆకులను దగ్గరగా పట్టి ఉంచుతుంది. జిగట మట్టి గంటల్లోనే పొడిపొడిగా రాలుతుంది. సున్నంతో మట్టి క్షారగుణం పెరిగి, దాని కొలత పీహెచ్ 12.4కు చేరితే మాత్రం నా పోలిక చెల్లదు. ఆకులే కరగసాగి, వాటి సిలికా, అల్యూమినా కాల్షియంతో కలిసి సిమెంటు బంక లాంటిది కడతాయి. దానికి వారాలు, నెలలు పడుతుంది. అన్నాళ్లూ తడి ఉండాలి, పాలమూరు ఎండల్లో అది పెద్ద పనే.

హుజూర్‌నగర్ సున్నపురాయి పొడి చాలదా అంటారు. చాలదు. కాల్చని రాయి పీహెచ్‌ను అంత ఎత్తుకు తీసుకుపోలేదు. బస్తా విప్పి వదిలేసిన సున్నం కూడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చి మళ్లీ ఆ రాయే అవుతుంది.

అన్నిటికన్నా కష్టం కలపడం. తడి రేగడి ముద్ద కడుతుంది, ఎండితే రాయి. అందుకే సున్నం సగం వేసి, తడిపి, ఒకటి రెండు రోజులు మగ్గనిచ్చి, మిగతా సగం వేసి మళ్లీ దున్నుతారు. కలిసిందో లేదో చూడాలంటే ఒక గడ్డను పగలగొట్టి క్షారం తగిలితే రంగు మారే ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లండి. సున్నం అందిన చోటల్లా గులాబీ రంగు వస్తుంది. తొందరపడి కలిపిన చోట గడ్డ అంచు గులాబీ, లోపలంతా నలుపే.