నాలుగు గంట గోపురాల వీధి

చిట్టికి, బుజ్జికి,

అమ్మమ్మ ఆశీస్సులు. మొన్న మ్యాప్ చూస్తూ "ఒక్క వీధిలో ఇన్ని చర్చిలు ఎందుకమ్మమ్మా?" అని అడిగారు కదా. ఫోన్‌లో హడావిడిగా చెప్పబుద్ధి కాలేదు, అందుకే రాస్తున్నాను.

మీరు చూసింది రాబ్. క్రొయేషియా దేశంలో, ఏడ్రియాటిక్ సముద్రంలో ఒక దీవి. దీవికీ ఊరికీ పేరు ఒకటే. పాత ఊరు నీళ్ళలోకి నాలుక చాపినట్టు సన్నగా ఉంటుంది. అందులో పొడుగ్గా మూడు వీధులు: రేవు పక్కన కింది వీధి, తర్వాత నడిమి వీధి, గట్టు మీద పై వీధి. అక్కడివాళ్ళ మాటలో గోర్న్యా ఉలిత్స అంటే పై వీధే. చర్చిలు దాదాపు అన్నీ దాని పొడుగునా ఉన్నాయి.

అప్పట్లో అది బిషప్ ఉండే ఊరు. ఆయనకొక పెద్ద చర్చి కావాలి. బెనెడిక్ట్ మఠం సన్యాసినులకు ఒకటి, ఫ్రాన్సిస్ మఠం వాళ్ళకు మరొకటి. ఎవరి మఠం పక్కన వాళ్ళ చర్చి కట్టుకున్నారు. అందుకే చిన్న ఊళ్ళో అన్ని చర్చిలు.

పడవలో వస్తుంటే ముందు కనబడేవి ఒకే వరసలో నిలబడ్డ నాలుగు గంట గోపురాలు. అన్నిటికంటే పెద్దది 26 మీటర్లు, 12వ శతాబ్దంలో కట్టింది. పైకి వెళ్ళేకొద్దీ దాని కిటికీల్లో కమానులు పెరుగుతాయి. ఫోటో పెద్దది చేసి లెక్కపెట్టండి, నాకది ఎంత చూసినా తనివి తీరదు. సెయింట్ ఆండ్రూ గోపురం 1181 నాటిది. సెయింట్ జస్టినాది 1672లో కట్టింది, దాని నెత్తిన ఉల్లిపాయలాంటి గుమ్మటం ఉంటుంది. నాలుగోది సెయింట్ జాన్‌ది. దాని చర్చి కూలిపోయి మొండిగోడలు మిగిలాయి, గోపురం మాత్రం నిలబడే ఉంది.

పెద్ద చర్చి ముందు గోడ తెల్ల రాయి, గులాబీ రాయి కలిపి కట్టింది. 1177లో వెనిస్‌కు వెళుతూ పోప్ మూడో అలెగ్జాండర్ ఆగి దాన్ని ప్రతిష్ఠించాడని చెబుతారు. తలుపు మీద, చనిపోయిన కొడుకును ఒడిలో పెట్టుకున్న మేరీమాత శిల్పం ఉంది. 1514లో చెక్కినది.

ఈ ఊళ్ళో 1560లో పుట్టిన మార్కో అంతోనియో దె దోమినిస్ గురించి మీరు తప్పక తెలుసుకోవాలి. స్ప్లిట్ నగరానికి ఆర్చిబిషప్ అయ్యాడు. హరివిల్లు, అదే సింగిడి, ఎలా ఏర్పడుతుందో తెలుసుకోవాలని గాజు గోళాల్లో నీళ్ళు నింపి వెలుగు ఎటు వంగుతుందో చూశాడు. ఆ సంగతులతో 1611లో పుస్తకం తెచ్చాడు. తర్వాత న్యూటన్ తన పుస్తకంలో ఆయన పేరు రాశాడు. అంతటివాడు చర్చి పెద్దలతో విభేదించి, 1624లో రోమ్‌లో చెరలోనే చనిపోయాడు. చనిపోయాక కూడా విచారణ జరిపి, ఆయన దేహాన్నీ పుస్తకాలనూ కాల్చేశారు. ఇది రాస్తుంటే నాకు మనసు భారమైంది. మీకు చెప్పకుండా దాచడం మాత్రం నాకిష్టం లేదు.

బుజ్జీ, నీకు బొమ్మలంటే ఇష్టం కదా. నాలుగు గోపురాలూ వరసగా గీసి పంపు. ఉల్లిపాయ గుమ్మటం మర్చిపోకు. చిట్టీ, మీ ఇంట్లో గాజు గ్లాసు నిండా నీళ్ళు పోసి ఎండలో పెట్టు, పక్కన తెల్ల కాగితం ఉంచు. ఏ రంగులు కనబడ్డాయో రాయి.

మీ అమ్మమ్మ