మిరియం ఎప్పుడు దంచాలి, ఆవాలు ఎప్పుడు నూరాలి

ఆశ్వయుజంలో విశాఖ పూర్ణా మార్కెట్‌కు వెళ్తే ఏ కొట్లో అడిగినా “కొత్త సరుకండీ” అనే అంటారు. ఆ మాట సగమే నిజం. ధనియాలు, జీలకర్ర, ఆవాలు రబీ పంటలు. ఇంచుమించు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు కోతకొస్తాయి. పాడేరు, చింతపల్లి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు పాకించిన మిరియం తీగల మీద ఈ రోజుల్లో గుత్తులు ఇంకా పచ్చిగానే ఉంటాయి. అంటే ఇప్పుడు దొరికేదంతా వానాకాలమంతా గోనెల్లో గడిపిన పాత పంటే. అందుకే ఈ సీజన్లో పొడులు మానేసి గింజలే కొనాలి. గింజ లోపల సువాసన నూనె కణాల్లో మూసుకుని ఉంటుంది. పొడి చేశాక ఆ మూత ఉండదు, పైగా సముద్రపు తేమకు రెండు వారాల్లో ఉండ కడుతుంది.

కొనేముందు నాలుగు ధనియాలు అరచేతిలో నలిపి చూడండి. నారింజ తొక్కను తలపించే వాసన రావాలి. గడ్డి వాసనొస్తే వద్దు. గింజకు సూదిమొనంత చిల్లు, సంచి అడుగున మెత్తటి పిండి కనిపిస్తే పురుగు తొలిచినట్టే. మిరియాలు గుప్పెడు నీళ్లలో వేస్తే మునగాలి. తేలేవి తాలు గింజలు, కాదంటే కల్తీ చేసిన బొప్పాయి గింజలు.

మిరియంలో కారం వేరు, వాసన వేరు. కారం పైపరీన్ అనే పదార్థానిది, అది ఆవిరై పోదు. వాసన టెర్పీన్లనే సువాసన పదార్థాలది, అవి మామూలు గాలికే ఎగిరిపోతాయి. నెలల నాటి మిరియాల పొడి నాలుకను మండిస్తుందే గానీ చారు ఘుమఘుమలాడదు. ఎండ తగిలే గాజు సీసాలో పోస్తే వెలుతురుకు పైపరీన్ కూడా మెల్లగా మారి కారం తగ్గుతుంది. స్టీలు డబ్బాయే మంచిది.

నలుగురికి మిరియాల చారు అంటే ముప్పావు లీటరు నీళ్లు, నిమ్మకాయంత చింతపండు, చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, రెండు చెంచాల ధనియాలు. వేయించాల్సింది ధనియాలు మాత్రమే, సన్నసెగన, చిటపటమనేదాకా. మూడూ కలిపి వేయిస్తే ధనియం వేగేలోపు జీలకర్ర మాడి చేదెక్కుతుంది. మూడింటినీ రోట్లో కచ్చాపచ్చాగా దంచి, చారు మరిగాక చివర్లో వేసి, ఒక్క పొంగు రాగానే దించి మూత పెట్టాలి. మొదట్లోనే వేసి పావుగంట మరిగిస్తే వీధంతా వాసనొస్తుంది, గిన్నెలో కారమే మిగులుతుంది.

డబ్బాలోంచి దినుసులను పొగలు కక్కే గిన్నె మీద వంపకండి. ఆవిరి లోపలికి పోయి బూజు పడుతుంది.

ఆవాల సంగతి మిరియానికి పూర్తిగా తలకిందులు. ఆవగింజలో ఘాటు ముందే తయారై ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైము ఇంకోచోట ఉంటాయి. గింజ నలిగి, నీళ్లు తగిలి, రెండూ కలిస్తేనే ముక్కుకెక్కే ఆ ఘాటు పుడుతుంది. వేడికి ఎంజైము చచ్చిపోతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలకు కమ్మదనమే తప్ప ఘాటు లేనిది అందుకే.

కార్తీకంలో కంద బచ్చలి వండేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇదే. అరకిలో కందకు రెండు చెంచాల ఆవాలు పావుగంట చన్నీళ్లలో నాననిచ్చి, ఒక ఎండుమిరపకాయ, చిటికెడు ఉప్పుతో మెత్తగా నూరండి. చింతపండు పులుసుతో నూరకండి, పులుపుకు ఎంజైము మందగిస్తుంది. పులుసు కందతో పాటు ఉడకాలి, దురద తగ్గేది దానివల్లే. నూరిన ముద్దను పది నిమిషాలు ఉంచి, కూర దించి గోరువెచ్చబడ్డాక కలపాలి. పొయ్యి మీదుండగానే కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. చాలా ఇళ్లలో “ఆవ చేదొచ్చింది” అని ఆవాలను తిడతారు గానీ తప్పు చాలాసార్లు మంటది.

పొడిగా మిక్సీ పట్టిన ఆవపిండికి వాసన లేదని పారేయకండి. చెంచాడు చన్నీళ్లు కలిపి పది నిమిషాలు ఆగండి. అప్పటికీ ముక్కు చురుక్కుమనకపోతే ఆ ఆవాలు బాగా పాతవో, ఎక్కడో వేడి తగిలినవో. వాటిని పోపుల డబ్బాలో పోసుకోండి.