చూరుకు కట్టుకునే మంచుకట్ట

మిన్నెసోటాలో కొడుకు ఇంట చలికాలం గడిపి వచ్చిన కర్నూలు పాఠకులొకరు ఇలా అడిగారు: "వాన లేదు, బయట సున్నాకు పది డిగ్రీలు దిగువన ఉంది. అంత చలిలో పడకగది గోడ పైనుంచి నీళ్లెలా కారాయి? ఇల్లు ఇంకాస్త వెచ్చగా ఉంచుకుంటే కప్పు మీద మంచు పేరుకోదు కదా?" మొదటి ప్రశ్న తేలితే రెండోది దానంతటదే తేలుతుంది. ఆ ఇంటి కప్పును వీలైనంత చల్లగా ఉంచాలి.

అక్కడి ఇళ్లకు మన మిద్దెల్లాంటి చదును కప్పు అరుదు. ఏటవాలు చెక్క కప్పు మీద, పై పలక అంచు కింది పలకను కప్పేలా తారు పలకలు పరుస్తారు. కప్పుకూ గది సీలింగుకూ నడుమ అటక ఉంటుంది. గదిలోని వేడి కొంత సీలింగు దాటి అటకలోకి పోయి, కప్పును తాకి, మంచును అడుగు నుంచి కరిగిస్తుంది. ఆ నీరు మంచు కిందుగా వాలు వెంట జారి, గోడ దాటి బయటికి చాచుకొని ఉన్న చూరును చేరుతుంది. చూరు కింద వెచ్చని గది లేదు కాబట్టి అక్కడి పలకలు బయటి గాలంత చల్లగా ఉంటాయి, నీరు అక్కడే గడ్డకడుతుంది.

ఇక్కడి నుంచి కథ అనంతపురం చెరువుల కథే. చూరు పొడవునా గడ్డ ఒక కట్టలా లేస్తుంది, వెనక నీరు నిలుస్తుంది, ఆ చెరువుకు మిగులు నీరు పొర్లిపోయే మరవ మాత్రం ఉండదు. పైగా ఈ కట్టను పోసేది కూడా నీరే: వచ్చిన ప్రతి ధారలో కొంత గడ్డకట్టి కట్టను ఎత్తు చేస్తే, తక్కినది వెనక చేరి మట్టం పెంచుతుంది. తారు పలకలు పారే నీటిని మాత్రమే ఆపగలవు. నిలిచిన నీరు పలక అంచు దాటి వెనక్కి ఎక్కితే మేకుల సందుల గుండా చెక్కలోకి, అక్కడి నుంచి గోడలోకి దిగుతుంది. పాఠకుల వారు చూసిన గండి అదే.

చెరువుకు వంక ఎంత నీరు తెస్తుందో లెక్క కట్టవచ్చు. కప్పులోని ప్రతి చదరపు మీటరుకూ ఇంట్లోంచి 10 వాట్ల వేడి చేరుతోందనీ, దాని మీద 25 సెంటీమీటర్ల మంచు ఉందనీ అనుకుందాం. కాస్త కుదురుకున్న మంచు ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 0.1 వాట్లు. అడుగున సున్నా, పైన మైనస్ పది ఉంటే ఆ పొర గుండా బయటికి పోగలిగేది 4 వాట్లే. మిగిలిన 6 వాట్లు కరిగించడానికే ఖర్చవుతాయి. రోజుకు అది దాదాపు 124 కిలోకేలరీలు. గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు కావాలని పదో తరగతిలో అందరం బట్టీ పట్టినదే, ఆ అంకె ఎందుకు పనికొస్తుందో చెప్పిన బడి మాత్రం తక్కువ. భాగిస్తే చదరపు మీటరుకు రోజుకు ఒకటిన్నర లీటర్లకు పైగా, వంద చదరపు మీటర్ల కప్పుకు సుమారు 155 లీటర్లు. అదే మంచు 5 సెంటీమీటర్లే ఉంటే 20 వాట్లు పోవడానికి దారి ఉంటుంది, అప్పుడు అడుగు గడ్డకట్టే ఉంటుంది, చుక్క కరగదు. అంటే దట్టంగా పడిన మంచే కప్పు వేడిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచి, తనను తాను కరిగించుకుంటుంది.

అందుకే వైద్యం కట్ట దగ్గర మొదలుపెట్టకూడదు, వంక దగ్గర మొదలుపెట్టాలి. సీలింగు లైట్ల చుట్టూ, గొట్టాలు పైకి పోయేచోట, అటక తలుపు అంచుల్లో ఉన్న సందులన్నీ ముందు మూయాలి. వేడిగాలి దూరే దారులు వదిలేసి అటకలో వేడిని ఆపే గాజునూలు ఎంత పరిచినా సగం పనే. సందులు మూశాక గాజునూలు మందంగా వేయాలి, చూరు అడుగు నుంచి బయటి గాలి వచ్చి కప్పు కొప్పు దగ్గర బయటికి పోయేలా దారి ఉంచాలి.

మంచు కరిగించడానికి చూరు మీద వంకరటింకరగా బిగించే, వేడెక్కే కరెంటు తీగ చెరువుకు తూము పెట్టడంలాంటిది. నీరు పోతుంది కానీ వంక ఆగదు, బిల్లు కూడా ఆగదు. కొత్త కప్పు వేసేటప్పుడు పలకల కింద చూరు నుంచి నీరు దిగనివ్వని, చెక్కకు అంటుకునే పొర పరచడం మేలు. అమెరికా చలి ప్రాంతాల నిబంధనల్లో అది బయటి గోడ నుంచి లోపలికి కనీసం 24 అంగుళాలు పోవాలని ఉంది. పెద్ద మంచు పడిన రోజున నేల మీదే నిలబడి, పొడవాటి పిడి ఉన్న మంచుపారతో కప్పు కింది భాగాన్ని లాగి శుభ్రం చేయవచ్చు. గొడ్డలి తీసుకొని కట్ట మీదికి ఎక్కితే మంచుతో పాటు పలకలు కూడా పగులుతాయి. వంటింటి ఉప్పు చల్లితే రేకుల కాలువలు తుప్పుపట్టి, కింది మొక్కలు చస్తాయి.