కొన్న గేమ్‌కి ఇంకా తాళమెందుకు? డీఆర్ఎం గురించి అపోహలు - వాస్తవాలు

మొన్న సంక్రాంతికి తణుకు దగ్గర అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడు మా మేనల్లుడు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో ఉన్నది వాడు ఆరు నెలలు పాకెట్ మనీ దాచుకుని కొనుక్కున్న కొత్త గేమ్. హైదరాబాద్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకుని, సెలవుల్లో ఆడుకుందామని తెచ్చుకున్నాడు. ఒక్కడే ఆడుకునే కథ గేమ్ అది, నెట్‌తో పనే లేదు. అయినా ఓపెన్ చేస్తే సర్వర్‌కి కనెక్ట్ కాలేదని మెసేజ్ వస్తోంది. ఆ ఇంట్లో డాబా ఎక్కితే తప్ప సిగ్నల్ ఉండదు. "మామయ్యా, డబ్బులిచ్చి కొన్నాను కదా, మళ్లీ ఎవర్ని అడగాలి?" అన్నాడు.

పదకొండేళ్లుగా నా పని ఇదే. పీసీ గేమ్‌ల బిల్డ్‌లు (ఆడటానికి సిద్ధమైన గేమ్ ఫైళ్లు) తయారుచేసి, పరీక్షించి, వాటిని అమ్మే ఆన్‌లైన్ స్టోర్లకు పంపుతాను. అలాంటి నేను కూడా వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఒక మాట. డీఆర్ఎం అంటే డిజిటల్ రైట్స్ మేనేజ్‌మెంట్. గేమ్ నడవడానికి ముందు, ఒక్కోసారి నడుస్తుండగా కూడా, "ఇతను కొన్నవాడేనా" అని చూసే తాళం. అది లేని గేమ్‌కి ఇన్‌స్టాలర్ ఫైల్ ఒకటి మీ చేతికొస్తుంది. దాన్ని హార్డ్ డిస్క్‌లో పెట్టుకుంటే పదేళ్ల తర్వాత కూడా ఎవర్నీ అడక్కుండా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.

అపోహ: డీఆర్ఎం లేని గేమ్ అంటే పైరసీ కాపీ

కాదు. ఇది నేను ఎక్కువగా వినే మాట, చదువుకున్న స్నేహితుల దగ్గర కూడా. పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ 2008లో మొదలుపెట్టిన గాగ్ స్టోర్ పెరిగిందే తాళం లేని గేమ్‌లు అమ్ముతూ. అక్కడ డబ్బు కట్టే కొంటాం, బిల్లు వస్తుంది, తయారుచేసినవాళ్లకు వాటా వెళ్తుంది. తేడా ఒక్కటే, కొన్న తర్వాత మనల్ని అనుమానించరు.

అపోహ: కొన్నాక గేమ్ నాదే

చాలా స్టోర్లలో మనం కొనేది గేమ్‌ని కాదు, దాన్ని వాడుకునే లైసెన్స్‌ని. పీసీ గేమ్‌లు అమ్మే పెద్ద ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ ఒప్పందంలో ఈ సంగతి ఎప్పటినుంచో ఉంది, చదివేవాళ్లే తక్కువ. అమెరికాలోని కాలిఫోర్నియా 2024 సెప్టెంబరులో దీనిమీద ఒక చట్టం చేసింది. డిజిటల్ వస్తువు అమ్మేటప్పుడు అది లైసెన్స్ మాత్రమే అయితే "కొనండి" అని ఊరికే రాయకూడదు, ఆ విషయం స్పష్టంగా చెప్పాలి. 2025 జనవరి నుంచి అది అమల్లో ఉంది. కొనుగోలుదారు శాశ్వతంగా ఆఫ్‌లైన్‌లో వాడుకునేలా డౌన్‌లోడ్ ఇచ్చే వస్తువులకు ఆ నిబంధన వర్తించదు. ఆ మినహాయింపు నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. చేతికిచ్చినదానికీ, చూడనిచ్చినదానికీ తేడా ఉందని చట్టమే ఒప్పుకున్నట్టు కదా.

ఆ తేడా ఎంతో తెలియాలంటే 'ది క్రూ' సంగతి చూడండి. గేమ్‌ల కంపెనీ యూబీసాఫ్ట్ 2014 డిసెంబరులో విడుదల చేసిన కారు రేసుల గేమ్ అది. ఒక్కరే ఆడినా సర్వర్ కావాలి. 2024 మార్చి 31న ఆ సర్వర్లు ఆపేశారు. డిస్క్ కొన్నవాళ్ల చేతిలో ప్లాస్టిక్ మిగిలింది. ఆ కోపంలోంచే యూట్యూబర్ రాస్ స్కాట్ 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం మొదలుపెట్టాడు. ఐరోపాలో దానికి మద్దతుగా 2025 జులై నాటికి పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి.

అపోహ: డీఆర్ఎం తీసేస్తే గేమ్ అమ్ముడుపోదు

ది విచర్ 3 2015లో వచ్చింది. మొదటి రోజునుంచే గాగ్‌లో తాళం లేకుండా దొరికింది. 5 కోట్లకు పైగా కాపీలు అమ్ముడైంది. సైబర్‌పంక్ 2077 కూడా అలాగే వచ్చింది. 2023 ఆగస్టులో బాల్డర్స్ గేట్ 3 విడుదలైన రోజే గాగ్‌లోనూ ఉంది, ఆ ఏడాది పెద్ద అవార్డులన్నీ దానికే వెళ్లాయి. తాళం లేకపోతే మునిగిపోతాం అనేవాళ్లు ఈ మూడింటికీ జవాబు చెప్పాలి.

అయితే ఇక్కడ మనవైపు వాళ్లకి కూడా ఒక అపోహ ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. "డీఆర్ఎం వల్ల కంపెనీలకు పైసా లాభం లేదు" అంటారు. అదీ నిజం కాదు. పెద్ద గేమ్‌లకు ఎక్కువగా వాడే తాళం డెనూవో. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో పుట్టిన కంపెనీ అది, 2014లో ఫిఫా 15తో మొదలైంది. డెనూవో ఉన్న 86 గేమ్‌లను పరిశీలించిన పరిశోధన ఒకటి 2024లో ఎంటర్‌టైన్‌మెంట్ కంప్యూటింగ్ జర్నల్‌లో వచ్చింది. విడుదలైన తొలి రోజుల్లోనే తాళం పగిలితే ఆదాయంలో సగటున 20 శాతం దాకా పోతుందని అది లెక్కగట్టింది. రెండు మూడేళ్లు ఒక గేమ్ మీద చెమటోడ్చిన టీమ్‌కి 20 శాతం చిన్న విషయం కాదు. జీతాలు అందులోంచే రావాలి. అందుకే మా గేమ్‌లు విడుదల చేసే పబ్లిషర్లు డెనూవో కావాలన్నప్పుడు నేను వాళ్లని దుర్మార్గులు అనుకోను.

కానీ అదే పరిశోధనలో ఇంకో అంకె ఉంది, మా మీటింగుల్లో దాన్ని ఎవరూ చదవరు. తాళం 12 వారాలు నిలబడితే, ఆ తర్వాత పగిలినా ఆదాయ నష్టం దాదాపు సున్నా.

ఈ రెండు అంకెలూ కలిపి చూడండి. తాళానికి ఏదైనా పని ఉంటే అది మొదటి మూడు నెలలే. నాలుగో నెల నుంచి అది ఎవరినీ ఆపడం లేదు, డబ్బిచ్చి కొన్నవాడిని తప్ప. 2016 మేలో వచ్చిన డూమ్ నుంచి అదే ఏడాది డిసెంబరులో డెనూవో తీసేశారు, ఆకాశం ఊడిపడలేదు. మరి మిగతావాళ్లు ఏళ్ల తరబడి ఎందుకు ఉంచుతారు? నేను చూసినంతలో కారణం దురుద్దేశం కాదు, పట్టించుకోకపోవడం. విడుదలయ్యాక టీమ్ ఇంకో ప్రాజెక్టుకి వెళ్లిపోతుంది. తాళం తీసిన బిల్డ్ చేసి, మళ్లీ పరీక్షించి పెట్టడానికి ఎవరికీ బడ్జెట్ ఉండదు, ఆ పని ఎవరి పేరు మీదా రాసి ఉండదు.

అపోహ: తాళం లేని బిల్డ్ చేయడం టెక్నికల్‌గా చాలా కష్టం

ఇది నా పనే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఒక గేమ్‌ని స్టోర్‌లో పెట్టేటప్పుడు ఆ స్టోర్ ఇచ్చే ఎస్‌డీకే (స్టోర్ సేవల్ని గేమ్‌తో కలిపే సాఫ్ట్‌వేర్ సామగ్రి) వాడతాం. అచీవ్‌మెంట్లు, క్లౌడ్ సేవ్, స్నేహితుల్ని ఆటకి పిలవడం, లీడర్‌బోర్డ్, డీఎల్‌సీ (గేమ్‌కి విడిగా అమ్మే అదనపు భాగం) కొన్నారో లేదో చూడటం, ఇవన్నీ దాని ద్వారానే జరుగుతాయి. మొదటి రోజే వీటన్నిటికీ మధ్యలో ఒకే పొర రాసుకుంటే పని తేలిక. గేమ్ కోడ్ ఆ పొరతోనే మాట్లాడుతుంది. పొర వెనక స్టీమ్ ఉందా, గాగ్ ఉందా, ఏమీ లేదా అనేది గేమ్‌కి అనవసరం. "ఏమీ లేదు" అనే వెర్షన్ రాయడానికి మాకు పట్టేది కొన్ని రోజులే.

తొందరలో ఆ పొర రాయకుండా ఎస్‌డీకే కాల్స్‌ని కోడంతా చల్లేసినప్పుడు కష్టం మొదలవుతుంది. ఒకసారి ఒక ప్రాజెక్టు మధ్యలో నా చేతికొచ్చింది. సేవ్ ఫైల్ పేరు కూడా స్టోర్ యూజర్ ఐడీతో కట్టారు. స్టోర్ లేకపోతే సేవ్ లేదు. దాన్ని విడదీయడానికి ఐదు వారాలు పట్టింది. అది టెక్నాలజీ కష్టం కాదు, మొదట్లో తీసుకున్న నిర్ణయం తెచ్చిన కష్టం.

నిజమైన ఖర్చు ఇంకో చోట ఉంది. ప్రతి ప్యాచ్‌నీ (తప్పులు సరిచేసే అప్‌డేట్‌ని) రెండు మూడు స్టోర్లకు విడివిడిగా కట్టాలి, విడివిడిగా పరీక్షించాలి. చిన్న టీమ్ అయితే ఎక్కువమంది కొన్న స్టోర్‌కి ముందు పంపి, మిగతాది తర్వాత చూద్దాం అంటుంది. గాగ్‌లో కొన్నవాళ్లు ప్యాచ్‌లు ఆలస్యంగా వస్తున్నాయని కోప్పడేది అందుకే. వాళ్ల కోపం న్యాయమైనదే. నలుగురే ఉన్న టీమ్‌లో శుక్రవారం సాయంత్రం ఆ టెన్షన్ ఎలా ఉంటుందో కూడా నాకు తెలుసు.

మల్టీప్లేయర్ సంగతి వేరు. ఆటగాళ్లను కలిపే పని స్టోర్ సర్వర్లకు అప్పగించేస్తే దాన్ని విడదీయడం నిజంగా పెద్ద పని. చీటింగ్ ఆపే సాఫ్ట్‌వేర్ కూడా తోడైతే ఇంకా చిక్కు. అలాంటి గేమ్‌లకు కనీసం లాన్ (దగ్గరి కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్) మీద ఆడుకునే దారైనా ఇవ్వాలని నేను అడుగుతుంటాను. ఒంటరిగా ఆడే కథ గేమ్‌కి మాత్రం ఈ సాకు చెల్లదు.

అపోహ: స్టీమ్‌లో ఉన్నవన్నీ తాళం వేసినవే

కాదు. స్టీమ్ తాళం డెవలపర్ ఇష్టం, వద్దనుకుంటే వేయక్కర్లేదు. స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ తన డాక్యుమెంట్లలోనే ఆ తాళం ఒక్కటే పైరసీని ఆపే పరిష్కారం కాదని రాసింది. స్టీమ్‌లో డౌన్‌లోడ్ చేశాక ఫోల్డర్‌ని కాపీ చేసి, స్టీమ్ లేని కంప్యూటర్‌లో పెడితే నడిచే గేమ్‌లు చాలానే ఉన్నాయి. డెనూవో లాంటి బయటి తాళం ఉంటే గేమ్ పేజీలో కుడివైపు రాస్తారు. కొనే ముందు అది చూడండి.

అపోహ: ఆఫ్‌లైన్ మోడ్ ఉందిగా, ఇంకేం బాధ?

మా మేనల్లుడి విషయంలో జరిగింది ఇదే. ఆఫ్‌లైన్ మోడ్ స్టోర్‌ది, తాళం గేమ్‌ది. డెనూవో లాంటి తాళం మొదటిసారి మీ కంప్యూటర్ గుర్తుల్ని సర్వర్‌కి పంపి ఒక టోకెన్ (అనుమతి చీటీ లాంటిది) తెచ్చుకుంటుంది. ఆ టోకెన్ ఆ మెషీన్‌కే. ప్రాసెసర్ మార్చినా, కొన్నిసార్లు పెద్ద సాఫ్ట్‌వేర్ మార్పు జరిగినా కొత్త టోకెన్ కావాలి, అంటే మళ్లీ నెట్ కావాలి. లైనక్స్ మీద ప్రోటాన్‌తో (విండోస్ గేమ్‌లను అక్కడ నడిపే సాఫ్ట్‌వేర్) ఆడేవాళ్లు ప్రోటాన్ వెర్షన్ మారిస్తే ఆ తాళం కొత్త కంప్యూటర్ అనుకుంటుంది. మా మేనల్లుడు ఊరొచ్చే ముందు రోజే ల్యాప్‌టాప్‌లో విండోస్ అప్‌డేట్ అయింది.

ఇంతకన్నా భయపెట్టేది ఇంకోటి జరిగింది. 2021 నవంబరులో డెనూవోకి సంబంధించిన ఒక డొమైన్ (వెబ్ చిరునామా) గడువు తీరిపోయింది, రెన్యూ చేయలేదు. డబ్బిచ్చి కొన్న చాలామందికి కొన్ని గంటలపాటు గేమ్‌లు ఓపెన్ కాలేదు. మీ ఇంటి తాళంచెవి ఎవరో మర్చిపోయిన బిల్లు మీద ఆధారపడటం సరైనదేనా?

అపోహ: డిస్క్ కొంటే భద్రం

పాత గేమ్ సీడీలు అటకమీద ఉన్నవాళ్లకి ఈ సంగతి తెలుసు. సేఫ్‌డిస్క్ అనే పాత తాళం వేసిన గేమ్‌లు విండోస్ 10లో నడవవు, భద్రతా కారణాలతో మైక్రోసాఫ్ట్ దానికి మద్దతు ఆపేసింది. డిస్క్ బాగానే ఉంటుంది, తాళమే చచ్చిపోతుంది. కొత్తవాటిలో 2025లో వచ్చిన నింటెండో గేమ్ మెషీన్ స్విచ్ 2 గేమ్-కీ కార్డుల్లో అసలు గేమే ఉండదు, డౌన్‌లోడ్ చేసుకునే హక్కు మాత్రమే ఉంటుంది.

అపోహ: డీఆర్ఎం ఉంటే గేమ్ స్లో అయి తీరుతుంది

వేసే తీరునిబట్టి ఉంటుంది. 2021లో రెసిడెంట్ ఈవిల్ విలేజ్ కొన్నవాళ్లకి ఆగి ఆగి నడిస్తే, తాళం పగలగొట్టిన కాపీ సాఫీగా నడిచింది. తర్వాత ఆ గేమ్ కంపెనీ క్యాప్‌కామ్ ప్యాచ్ ఇచ్చి సరిచేసింది. అన్నిచోట్లా ఇలా జరగదు. తాళం తనిఖీని ప్రతి ఫ్రేమ్‌లో (తెరమీద బొమ్మ మారిన ప్రతిసారీ) నడిచే కోడ్‌లో పెడితే దెబ్బ, మెనూలో పెడితే తెలియదు కూడా.

అపోహ: తాళం ఉన్న గేమ్‌కి మన దేశంలో బ్యాకప్ చేసుకోవడం నేరం

మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, న్యాయంగా కొన్న కంప్యూటర్ ప్రోగ్రామ్‌ పోకుండా, పాడవకుండా బ్యాకప్ కాపీ తీసుకోవచ్చు. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా అంటుంది. ఉద్దేశం అన్న మాట అందులో ముఖ్యం. అయినా నేను ఎవరినీ తాళాలు పగలగొట్టుకోమని చెప్పను. క్రాక్ (తాళం పగలగొట్టే) ఫైళ్లతో వచ్చే వైరస్‌లు ఎన్ని ఇళ్లలో కంప్యూటర్లని పాడుచేశాయో చూశాను. నాకు కావాల్సింది తాళం వేసినవాళ్లే దాన్ని తీయడం.

అది జరుగుతుంది కూడా, ఆలస్యంగా. 2011లో వచ్చిన స్కైరిమ్ గాగ్‌కి 2022లో చేరింది. హొరైజన్ జీరో డాన్ మాత్రం 2020 ఆగస్టులో పీసీకి వచ్చి, అదే నవంబరులో గాగ్‌లో తాళం లేకుండా దొరికింది. ఒకదానికి పదకొండేళ్లు, ఇంకోదానికి మూడు నెలలు. మూడు నెలల్లో చేయగలిగినవాళ్లు ఉన్నారు.

ఊరినుంచి తిరిగొచ్చాక మా రిలీజ్ చెక్‌లిస్టులో ఒక గడి చేర్చాను: "తాళం తీసే తేదీ, బాధ్యత ఎవరిది". మా గత గేమ్‌కి అందులో పద్నాలుగో వారం అని రాసి, కింద నా పేరు పెట్టుకున్నాను. ఆ బిల్డ్ ఇప్పుడు మా మేనల్లుడి పెన్‌డ్రైవ్‌లో ఉంది. ఇప్పుడు చేస్తున్న గేమ్‌కి పబ్లిషర్ వేరు, ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. సోమవారం మీటింగ్‌లో ఆ 12 వారాల అంకెని నేనే చదివి వినిపిస్తాను.