కుక్కను కాల్చేస్తామని బెదిరించి తీసిన షాట్

సెట్లో పిల్లల్ని నిజంగా ఏడిపించి షాట్ తీయడం తప్పా, కాదా అన్న గొడవ మళ్లీ మొదలైంది. దాంతోపాటే ఒకప్పటి హాలీవుడ్ బాలనటుడు జాకీ కూపర్ పేరూ వినిపిస్తోంది. లఘు చిత్రాలతో ఆయన పేరు తెచ్చుకున్న రోజుల్ని పక్కనపెట్టి నేరుగా 1931కి వద్దాం.

'స్కిప్పీ' సినిమాలో ఆ పిల్లాడు ఏడవాలి. ఏడుపు రావడం లేదు. దర్శకుడు నార్మన్ టారోగ్ పరాయివాడేం కాదు, పిల్లాడి తల్లికి తోబుట్టువు భర్త. నీ కుక్కను కాల్పించేస్తానన్నాడు. కుక్కను కనపడకుండా తీసుకెళ్లారు. తుపాకీ పేలింది. పిల్లాడు వెక్కివెక్కి ఏడ్చాడు, సీన్‌కు కావలసిన దానికన్నా ఎక్కువే ఏడ్చాడు. కుక్క బతికే ఉందేమో, కాస్త తమాయించుకుని సీన్ చేస్తే వెళ్లి చూద్దాం అని ఊరించి షాట్ పూర్తి చేయించారు. నిజానికి కుక్కకు ఏమీ కాలేదు.

టారోగ్‌ను సమర్థించేవాళ్లు ఫలితం చూడమంటారు. ఆయనకు ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ వచ్చింది. తొమ్మిదేళ్ల కూపర్ ఉత్తమ నటుడిగా నామినేట్ అయ్యాడు. ఆ విభాగంలో అంత చిన్నవాడు ఇప్పటికీ ఇంకొకరు లేరు. అవార్డుల రాత్రి నిద్ర ఆపుకోలేక పక్క సీట్లో ఉన్న నటి మేరీ డ్రెస్లర్ మీద వాలి పడుకున్నాడు. అంత పసివాడు.

వీళ్లు ఆ తర్వాతి కథ చెప్పరు. కూపర్ పెద్దయ్యాక టీవీకి వచ్చారు. సీరియళ్లలో నటిస్తూనే డైరెక్షన్ నేర్చుకున్నారు. 1964 నుంచి 1969 దాకా టీవీ కార్యక్రమాలు తీసే స్క్రీన్ జెమ్స్ సంస్థలో కొత్త కార్యక్రమాల బాధ్యత చూశారు. దర్శకుడిగా 'మ్యాష్', 'ది వైట్ షాడో' సిరీస్‌లకు అమెరికా టీవీ అవార్డులైన ఎమ్మీలు అందుకున్నారు. షాట్ కుదరకపోతే డైరెక్టర్‌కు ఎంత టెన్షనో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. అన్నేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాక కూడా, 1981లో ఆత్మకథ రాస్తే దానికి పెట్టిన పేరు 'దయచేసి నా కుక్కను కాల్చకండి'. నా దృష్టిలో ఈ వాదనలో ఇంతకన్నా బరువైన సాక్ష్యం లేదు.

చట్టాలు ముందు డబ్బు సంగతే చూశాయి. మరో బాలనటుడు జాకీ కూగన్ సంపాదన తల్లీ, సవతి తండ్రీ ఖర్చు పెట్టేశాక 1939లో కాలిఫోర్నియా చట్టం తెచ్చింది. మన దేశంలో 2017 బాల కార్మిక నిబంధనల ప్రకారం పిల్లలతో రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, వాళ్ల ఆదాయంలో కనీసం 20 శాతం వాళ్ల పేరనే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఇష్టం లేకుండా పాల్గొనేలా చేయకూడదనీ అందులోనే ఉంది. బెదిరించి రప్పించిన ఏడుపు ఆ పిల్లాడి ఇష్టం కిందికి ఎలా వస్తుంది? అమ్మానాన్నలు పక్కనే ఉంటారుగా అని కొందరు అంటున్నారు. కూపర్ సెట్లో ఉన్నదీ సొంతవాళ్లే.