తామర పరీక్షలపై అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో చర్మపు నమూనాలను పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తున్నందున, ఇటు గుణుపురం నుంచీ అటు పాతపట్నం నుంచీ వచ్చే తెలుగువారిలో బలంగా నాటుకున్న కొన్ని అపోహలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: రక్తపరీక్షతో తామర తేలిపోతుంది.

వాస్తవం: తేలదు. తామర శిలీంధ్రాలు చర్మపు పైపొరను, వెంట్రుకలను, గోళ్లను ఆశ్రయించి బతుకుతాయే తప్ప రక్తంలో తిరగవు. మాత్రలు మొదలుపెట్టే ముందు వైద్యులు రాసే రక్తపరీక్ష సాధారణంగా కాలేయం పనితీరు చూడడానికే.

అపోహ: పొట్టు పరీక్ష (మచ్చ మీద గీకిన చర్మపు పొట్టును సూక్ష్మదర్శినిలో చూడడం) నెగెటివ్ వస్తే అది తామర కాదు.

వాస్తవం: ఫలితం చాలావరకు పొట్టును ఎక్కడ గీకారన్న దానిపై ఆధారపడుతుంది. మచ్చ నడుమ మానినట్టున్న చోట శిలీంధ్రం తక్కువగా, ఎర్రగా ఉబ్బి పాకుతున్న అంచు దగ్గర చురుకుగా ఉంటుంది. అందుకే ఆ అంచును 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, పొట్టు నల్ల కాగితం మీద రాలేలా మొద్దు బ్లేడుతో గీకుతాము. తెల్లని పొట్టు ఎంత వచ్చిందో నలుపు మీదే స్పష్టంగా కనబడుతుంది. స్లైడుపై 10 నుంచి 20 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే కొద్ది నిమిషాల్లో చర్మకణాలు కరిగి పలచబడి, మధ్యమధ్య అడ్డగోడలతో కొమ్మలుగా చీలిన శిలీంధ్రపు పోగులు బయటపడతాయి. గోరు ముక్కలకు ఆ వ్యవధి చాలదు, ఒక్కోసారి రాత్రంతా నానాలి. బట్టల నూలుపోగులు కూడా శిలీంధ్రంలా కనబడి కొత్తవారిని మోసగిస్తాయి కాబట్టి పాజిటివ్‌నూ ఆచితూచే రాయాలి.

శిలీంధ్ర నిరోధక క్రీము రాస్తూ వస్తే పోగులు దొరకకపోవచ్చు. వైద్యుని సలహాతో దాదాపు 2 వారాలు ఆపి రావడం మేలు. దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీముల తీరు వేరు: ఎరుపు తగ్గి, అంచు చెరిగిపోయి మచ్చ పోల్చుకోలేనట్టు మారినా, స్లైడు మీద మాత్రం తరచుగా పోగులు కుప్పలుగా ఉంటాయి.

అపోహ: వుడ్స్ దీపం (అతినీలలోహిత కాంతినిచ్చే దీపం) కింద మెరవకపోతే తామర లేనట్టే.

వాస్తవం: మన దేశంలో తామరకు ప్రధాన కారణమైన ట్రైకోఫైటాన్ రకాలు ఆ దీపం కింద మెరవవు. గజ్జల్లో పగడపు ఎరుపు మెరుపు కనిపిస్తే అది ఎరిత్రాస్మా, అంటే బాక్టీరియా వల్ల వచ్చేది.

అపోహ: కల్చర్ (నమూనాలోని శిలీంధ్రాన్ని ప్రయోగశాలలో పెంచి చూసే పరీక్ష) రిపోర్టు రెండు రోజుల్లో రావాలి.

వాస్తవం: సబరో అగార్ అనే పెంపక మాధ్యమం మీద ఈ శిలీంధ్రాలు నిదానంగా పెరుగుతాయి, నెగెటివ్ అని రాయడానికి 4 వారాల వరకు ఆగవలసి ఉంటుంది. శోభి మచ్చలకు కారణమైన మలసీజియా అనే శిలీంధ్రానికి నూనె కలిపిన మాధ్యమం కావాలి కనుక మామూలు కల్చర్ దానికి పనికిరాదు, సూక్ష్మదర్శినే చాలు. 2020లో వేరే జాతిగా పేరు పెట్టిన ట్రైకోఫైటాన్ ఇండోటినియేలో చాలా నమూనాలు శిలీంధ్ర నిరోధక మందు టెర్బినాఫిన్‌కు లొంగడం లేదు. ఈ సంగతి పొట్టు పరీక్షలో తెలియదు. దానికి కల్చర్‌లో పెరిగిన శిలీంధ్రంపై మందుల పరీక్షో, జన్యుపరీక్షో చేయాలి. ఆ సదుపాయం పెద్ద కేంద్రాల్లోనే ఉంటుంది కాబట్టి, మందు సక్రమంగా వాడినా తగ్గనివారి నమూనాలనే అక్కడికి పంపడం సబబని నా అభిప్రాయం.